ఖాకీ కోటు, కట్టె తుపాకి: సైనిక వ్యంగ్యపు పాత దారులు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, కోవిల్‌పట్టికి చేరువలో ఉన్న ఏళాయిరంపన్నై నేడు బాణసంచా తయారీకి పేరుపొందగా, పద్దెనిమిదో శతాబ్దంలో అది ఒక పాలెం, అంటే సొంత కోటనూ బలగాన్నీ పోషించుకుంటూ పైప్రభువుకు కప్పం కట్టే పాలెగాని సీమ. కంపెనీని ఎదిరించిన తెలుగు మూలాల పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ పక్షాన నిలిచినందుకు 1799లో ఆ ఈస్టిండియా కంపెనీ ఆయన పాంచాలంకురిచ్చితోపాటు ఈ పాలేన్నీ స్వాధీనం చేసుకుని, కోటలు కూల్చి, జనం ఆయుధాలు పట్టరాదని శాసించింది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదన్న 1878 ఆయుధ చట్టంతో ఆ కట్టడి బ్రిటిష్ ఇండియా అంతటా స్థిరపడింది. ఆయుధమూ యూనిఫారమూ సర్కారు సొత్తుగా మారిన ఆ కాలంలో వాటిని ఎగతాళి చేయడం నిరాయుధులకు మిగిలిన బలమైంది.

నిజాం ఏలుబడిలోని తెలంగాణకు ఆ చట్టం నేరుగా వర్తించకపోయినా, సికింద్రాబాదు కంటోన్మెంటు పుణ్యమా అని దొరల దర్పం అక్కడి జనానికీ తెలిసినదే. తుపాకి రాముడని కూడా పిలిచే పిట్టలదొర అక్కడి జానపద కళాకారుడు. ఖాకీ దుస్తులు తొడిగి, నెత్తిన దొరటోపీ పెట్టి, పేలని కట్టె తుపాకిని భుజాన వేసుకుని, తెలుగూ ఉర్దూ ఇంగ్లీషూ కలగలిపి గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తూ అతడు ఇంటింటా యాచిస్తాడు. భారత సైన్యంలో ఖాకీ వాడుక 1840లలో మొదలై 1857 తిరుగుబాటు తరువాతే విస్తరించింది కనుక, ఈ కళ ఎంత పాతదైనా ఈ వేషం అంతకు ముందుది కాజాలదు.

ఒక కోవ కథల్లో మళ్లీ మళ్లీ కనిపించే పోకడను కథారూఢి అనుకుంటే, పిట్టలదొర ఆటలో అవి మూడు: హద్దులేని లెక్కలు, పనికిరాని ఆయుధం, అధికారం లేని హోదా. తిండికి చేయిచాచే మనిషి లేని ఎకరాలనూ మేడలనూ ఏకరువు పెడుతుంటే, నవ్వే శ్రోతకు నిజమైన దొరల ఆడంబరమూ గుర్తుకొస్తుంది. ఈ రూఢులు పిట్టలదొరతోనే పుట్టలేదు: రోమన్ నాటకకర్త ప్లౌటస్ రెండువేల రెండువందల ఏళ్ల కిందటే ప్రగల్భాల సైనికుడిని రంగస్థలం ఎక్కించాడు. ఆ నాటకంలో సైనికుడి వందిమాగధుడు 150, 100, 30, 60 మంది హతులను కూడి మొత్తం 7000 అని తేలుస్తాడు.

అంతరిక్ష యుద్ధాలనూ రాబోయే కాలపు సైన్యాలనూ చిత్రించే సైనిక వైజ్ఞానిక కల్పనలోనూ ఇవే రూఢులు తిరిగి కనిపిస్తాయి. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నవలలో సైనిక సేవను పౌరధర్మంగా కీర్తించగా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన హ్యారీ హ్యారిసన్ 1965లో 'బిల్, ది గెలాక్టిక్ హీరో' రాసి ఆ ధోరణిని అపహాస్యం చేశాడు. సేద్యం చేసుకునే బిల్‌ను మోసంతో సైన్యంలో చేర్చుకుని, మహా యుద్ధనౌకలో ఫ్యూజులు మార్చే కొలువు ఇస్తారు. ఏడు అడుగుల రాకాసులని ప్రచారం చేసిన శత్రువులు నిజానికి ఏడు అంగుళాల జీవులని తేలుతుంది. చివరకు బిల్ తన తమ్ముణ్నే సైన్యంలోకి లాగుతాడు.

బిల్ బలవంతాన యూనిఫారం తొడిగిన పేదవాడు, పిట్టలదొర పొట్టకూటికి దాన్ని తొడుక్కున్న పేదవాడు. నవ్వు పుట్టేది వారి పేదరికం నుంచి కాదు, వారిపై పెత్తనం చేసే అధికారపు డొల్లతనం నుంచి. అందువల్ల సైనిక వ్యంగ్యపు చరిత్రను నవలలతో మొదలుపెట్టడం అన్యాయం. అచ్చుకెక్కని పిట్టలదొర మాటల ఒరవడిని కళాకారుల నోటనే సేకరించి, సాహిత్యంగా గుర్తించి భద్రపరచడం తెలుగు పరిశోధకులు ఇకనైనా తలకెత్తుకోవలసిన పని.