కుక్కకు ఒంటి మీదా, నోట్లోనూ పుండ్లు.. మందులు మార్చినా తగ్గట్లేదా? ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి?

ముందు ముక్కు మీద చిన్న పక్కు కడుతుంది. గజ్జి అనుకుని షాంపూ మారుస్తారు. కొన్నాళ్లకు చెవుల అంచుల్లో, అరికాళ్ల మెత్తల మీద పొక్కులు వస్తాయి. తర్వాత ఒకరోజు గిన్నెలో పెట్టిన పెరుగన్నం అలాగే ఉండిపోతుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ల మీద ఎర్రటి పుండ్లు. ఈలోగా ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, నాలుగు రకాల ఆయింట్‌మెంట్లు, రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ అయిపోయి ఉంటాయి.

పెంపుడు కుక్కలున్న చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఇలాంటి జబ్బుల్లో మందు మార్చడం కంటే ముందు జబ్బేంటో తేల్చుకోవడం ముఖ్యం. ఆ పరీక్షల సదుపాయం ప్రభుత్వ పశువైద్య కళాశాలల్లో ఉంది.

నోరు కూడా పుండైతే ఎందుకు జాగ్రత్తపడాలి?

ఒంటి మీద మాత్రమే దురద, పక్కులు ఉంటే ఎక్కువసార్లు కారణం గజ్జి పురుగులు, తామర, పిడుదులు, ఈగల కాటు, అలర్జీ, బ్యాక్టీరియా. దానికి తోడు నోట్లో, పెదవుల మీద, కళ్ల చుట్టూ పుండ్లు పడితే డాక్టర్లు మరికొన్ని జబ్బులను అనుమానిస్తారు.

• ఆటోఇమ్యూన్ జబ్బులు: శరీర రక్షణ వ్యవస్థే సొంత చర్మంపై దాడి చేస్తుంది. కుక్కల్లో వీటిలో ఎక్కువగా కనిపించేది పెంఫిగస్ ఫోలియేషియస్. ఇది ముఖం, చెవులు, అరికాళ్లపై వస్తుంది, నోటిని సాధారణంగా వదిలేస్తుంది. పెంఫిగస్ వల్గారిస్, మ్యూకస్ మెంబ్రేన్ పెంఫిగాయిడ్ మాత్రం నోటినే ఎక్కువగా దెబ్బతీస్తాయి.
• మందుల రియాక్షన్: సల్ఫా రకం యాంటీబయాటిక్స్ వంటి వాటితో కొన్ని కుక్కలకు చర్మం, నోరు రెండూ పుండ్లు పడతాయి.
• చర్మపు లింఫోమా: పెద్ద వయసు కుక్కల్లో వచ్చే క్యాన్సర్. ముక్కు, పెదవుల నల్లరంగు పోయి తెల్లబడటం ఒక లక్షణం.
• కిడ్నీ జబ్బు: రక్తంలో మలినాలు పెరిగితే నోట్లో పుండ్లు, ఘాటైన దుర్వాసన వస్తాయి.
• పళ్ల గార: కొన్ని కుక్కలకు పళ్లపై పేరుకున్న గార తగిలిన చోటల్లా బుగ్గ లోపల పుండు పడుతుంది.

పైకి చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు.

ముందుగా ఒక హెచ్చరిక

నోటి నుంచి చొంగ కారుతూ మింగలేకపోవడం, దవడ వేలాడటం, గొంతు మారడం, ప్రవర్తనలో తేడా కనిపిస్తే అది రేబిస్ కావచ్చు. టీకా వేయించని కుక్క అయినా, ఈమధ్య వేరే జంతువు కరిచినా నోట్లో చెయ్యి పెట్టి చూడొద్దు. కుక్కను వేరుగా ఉంచి డాక్టరుకు ఫోన్ చేయండి. మిమ్మల్ని కరిచినా, చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాల పాటు సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో చేయకూడనివి

మెడికల్ షాపులో దొరికే మనుషుల క్రీములు రాయొద్దు. వాటిలో చాలావరకు స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిసే ఉంటాయి. రాసిన రెండు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి జబ్బు గుర్తులు మరుగున పడతాయి, తామర అయితే ఇంకా వ్యాపిస్తుంది. కుక్క ఆ క్రీమును నాకి కడుపులోకి కూడా తీసుకుంటుంది.

నొప్పి తగ్గాలని ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ వేయొద్దు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ డోసు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. మనుషుల టూత్‌పేస్టు కూడా వాడొద్దు. కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం.

ఏ పరీక్షలు అడగాలి?

మొదటి విడత పరీక్షలు సులువైనవే. చర్మం గీకి గజ్జి పురుగుల కోసం చూడటం, వెంట్రుకలు పీకి తామర కోసం చూడటం, పొక్కులోని చీమును స్లైడుపై రాసి మైక్రోస్కోపులో చూడటం, రక్త పరీక్ష, కిడ్నీ, లివర్ పరీక్షలు. పిడుదులు ఉన్న కుక్కకు వాటి ద్వారా వచ్చే జ్వరాల పరీక్ష కూడా చేస్తారు.

వీటితో తేలకపోతే, లేదా నోట్లో పుండ్లు ఉంటే ‘బయాప్సీ అవసరమా?’ అని మీరే అడగండి. చర్మం నుంచి, నోటి పుండు అంచు నుంచి చిన్న ముక్కలు తీసి ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపుతారు. ఫలితం అదే రోజు రాదు, కొన్ని రోజులు పడుతుంది.

ఈ పరీక్ష సరిగా రావాలంటే మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

1. కొత్తగా వచ్చిన, పగలని పొక్కు దొరికితే మేలు. అవి కొన్ని గంటల్లోనే పగిలిపోతాయి. కనిపించిన రోజే ఫోన్ చేసి వెళ్లండి.
2. వెళ్లే ముందు ఆ చోట రుద్ది కడగొద్దు, పక్కులు ఊడబీకొద్దు. పక్కులోనూ ఆధారం ఉంటుంది.
3. స్టెరాయిడ్ వాడుతుంటే తప్పక చెప్పండి. అది ఫలితాన్ని మార్చేస్తుంది. అలాగని సొంతంగా ఆపేయొద్దు. ఎక్కువ రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

నోటి పుండు మధ్య నుంచి మాత్రమే ముక్క తీస్తే జబ్బు తేలకపోవచ్చు. ‘స్పష్టంగా లేదు’ అని రిపోర్టు వస్తే బయాప్సీ మళ్లీ చేయాల్సి రావచ్చు. ఇది డాక్టరు తప్పని అనుకోనక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలతో మొదలుపెట్టవచ్చు. మొదటి విడత చికిత్సకు తగ్గకపోతే పెద్ద ఆసుపత్రికి రెఫరల్ చీటీ రాయమని అడగండి. హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది.

చిక్కు కేసులకు పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు సరైన చోటు. మెడిసిన్, సర్జరీ, పాథాలజీ, మైక్రోబయాలజీ విభాగాలు ఒకే కళాశాలలో ఉంటాయి. ముక్క తీసేవారు, దాన్ని మైక్రోస్కోపులో చూసేవారు పక్కపక్కనే ఉండటం పెద్ద సౌకర్యం.

• తెలంగాణ: రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు (పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం)
• ఆంధ్రప్రదేశ్: తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి (శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం)
• చెన్నై, బెంగళూరుల్లో ఉండే తెలుగువారికి: వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ, హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ

ఓపీ సాధారణంగా ఉదయం వేళల్లోనే రద్దీగా ఉంటుంది. వేళలు, చర్మ కేసులు చూసే రోజు ముందే ఫోన్‌లో కనుక్కోండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా రైతుల పశువుల కోసం ఉద్దేశించినవి. ప్రథమ చికిత్సకు పనికొస్తాయి గానీ బయాప్సీ లాంటి వాటికి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఏం తీసుకెళ్లాలి?

• మొదటి పొక్కు కనిపించిన రోజు నుంచి తేదీలతో ఫోన్‌లో తీసిన ఫొటోలు
• ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, ఎన్ని రోజులు వాడారు, తగ్గిందా పెరిగిందా
• పాత చీటీలు, రిపోర్టులు, టీకా పుస్తకం
• ఏం తింటోంది, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అన్న వివరాలు. తామర, ఒక రకం గజ్జి మనుషులకూ అంటుకుంటాయి
• మూతికి కట్టు. నోరు నొప్పిగా ఉన్న కుక్క, ఎంత మచ్చికైనా, కరవచ్చు

ఈ వివరాలుంటే కొత్త డాక్టరు పాత మందులే మళ్లీ మొదటి నుంచి రాయాల్సిన అవసరం తప్పుతుంది.

జబ్బు తేలాక?

ఆటోఇమ్యూన్ జబ్బు అయితే ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్, అవసరమైతే సైక్లోస్పోరిన్, అజాథయోప్రిన్ ఇస్తారు. నెలల తరబడి, కొన్నిసార్లు జీవితాంతం వాడాల్సి రావచ్చు. దాహం, ఆకలి, మూత్రం పెరగడం మామూలే. మధ్యమధ్యలో రక్త పరీక్షలు తప్పవు. కాస్త తగ్గగానే డోసు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. నెలకు ఎంత ఖర్చవుతుందో మొదటి రోజే అడిగితే చికిత్స మధ్యలో ఆగిపోదు. నోరు మానేవరకు ఎముకలు, గట్టి బిస్కెట్లు మాని, చల్లార్చిన మెత్తటి అన్నం, ఉడికించిన కోడి మాంసం పెట్టండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రోజంతా ఏమీ తినకపోయినా, నీళ్లు తాగలేకపోయినా, చర్మం పెద్ద పొరలుగా ఊడుతున్నా, జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, మందులు వాడుతుండగా వాంతులు, నల్లటి విరేచనం అయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కూనలకైతే ఇంకా త్వరగా.

చూసే వ్యక్తి నిజంగా డాక్టరేనా?

భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. అనుమానం ఉన్నా, ఫిర్యాదు ఉన్నా రాష్ట్ర పశువైద్య మండలికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అందుకూ చీటీలు, రిపోర్టులే ఆధారం. వాటిని పారేయొద్దు.