మధుమేహము - దంత వ్యాధులు

మధుమేహ వ్యాధిగ్రస్తులలో పంటి వేరు వద్ద లేదా చిగురులో చేరిన చీము ఇతరులలో కంటే త్వరగా వ్యాపించి, ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమవుతుంది. హైదరాబాదు పాతబస్తీకి మూసీ నది ఆవలి ఒడ్డునే, అఫ్జల్‌గంజ్‌లో, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

కారణాలు

రక్తంలో చక్కెర హెచ్చుగా ఉన్నపుడు తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. గాయాలు ఆలస్యంగా మానుతాయి. నోరు ఎండిపోవడం వలన పళ్ళు త్వరగా పుచ్చుతాయి. మరొక వైపు, చీము ఉన్నంతకాలం ఇన్సులిన్ ప్రభావం తగ్గి చక్కెర ఇంకా పెరుగుతుంది. మందులు వాడుతున్నా చక్కెర అదుపులోకి రాని రోగి నోటిని కూడా పరీక్షించవలసి ఉంటుంది.

మధుమేహం ఉన్నవారు పన్ను తీయించుకోరాదనే నమ్మకం సరికాదు. చక్కెరను అదుపులో ఉంచి పన్ను తీయవచ్చు. పుచ్చిన పంటిని అలాగే వదిలివేయడమే ఎక్కువ ప్రమాదకరం. పంటి నొప్పితో తినలేక, వైద్యుని అడగకుండా ఇన్సులిన్ మానివేసిన వారిలో రక్తం ఆమ్లపూరితమయ్యే కీటోఅసిడోసిస్ అనే స్థితి ఏర్పడవచ్చు.

లుడ్విగ్ ఆంజైనా

క్రింది దవడలోని రెండవ, మూడవ చర్వణకాల వేళ్ళు నోటి అడుగు కండరం కంటే దిగువకు ఉంటాయి. అందువలన వాటి చీము దవడ క్రిందికి, మెడలోనికి దిగుతుంది. దీనిని 1836లో వర్ణించిన జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ పేరు ఈ వ్యాధికి వచ్చింది. పేరులో ఆంజైనా ఉన్నా గుండెనొప్పితో దీనికి సంబంధం లేదు. గడ్డం క్రింద గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, నాలుక పైకి లేవడం దీని లక్షణాలు. శ్వాసమార్గం కొద్ది గంటలలోనే మూసుకుపోవచ్చు కనుక కాపడం పెట్టుకుంటూ ఇంటివద్ద వేచి ఉండరాదు. ఆసుపత్రిలో ముందుగా శ్వాసకు మార్గం కల్పించి, చీమును కోసి తీసి, ఇన్సులిన్, యాంటీబయాటిక్‌లు ఇస్తారు.

మ్యూకోర్‌మైకోసిస్

2021లో కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో బ్లాక్ ఫంగస్ పేరుతో ఇది వార్తలకెక్కింది. రోగులలో అధికులు మధుమేహులు. కోవిడ్‌కు వాడిన స్టీరాయిడ్ల వలన కూడా చక్కెర పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మే 20న దీనిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. చికిత్సకు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ప్రధాన కేంద్రమయింది.

ఇది పుచ్చు పంటి వలన వచ్చేది కాదు. గాలిలోని శిలీంధ్ర బీజాలు సాధారణంగా ముక్కు ద్వారా చేరతాయి. అయితే పై పళ్ళు కదలడం, పై దవడ నొప్పి, అంగిలిపై నల్లని మచ్చ తొలి లక్షణాలు కావచ్చు కాబట్టి కొందరు రోగులు మొదట దంతవైద్యుని వద్దకే వెళతారు. ఆ నలుపు శిలీంధ్రానిది కాదు, చనిపోయిన కణజాలానిది. దానిని శస్త్రచికిత్సతో తొలగించి ఆంఫోటెరిసిన్-బి ఇస్తారు. ఈ వ్యాధి మనిషి నుండి మనిషికి అంటదు.