తివాచీ మీద ముద్ర ఎవరిది?

మొరాకో ఉన్ని తివాచీల గురించి రాసేవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. అది అనాదిగా మారకుండా వస్తున్న కళ అనేది మొదటిది. ఫ్రెంచి పాలకులు పూనుకోకపోతే అంతరించిపోయేదనేది రెండోది. నేసిన చేతులను పక్కకు నెట్టి, నేసిన వస్తువును మాత్రమే చూడటం వల్లనే ఈ రెండూ పుట్టాయని నా అభిప్రాయం.

అట్లాస్ పర్వత ప్రాంతాల్లో తివాచీలు నేసేది ప్రధానంగా అమాజీగ్ స్త్రీలు. బయటివాళ్లు 'బెర్బర్లు' అని పేరుపెట్టింది ఈ జాతికే. ఉన్నిని కడిగి, దువ్వి, కదురు మీద వడికి, ఇంట్లోనే నిలువు మగ్గం వేస్తారు. పడుగు పోగులకు వరసగా ఉన్ని ముడులు వేసి, వాటి మీదుగా పేక నడిపి, బరువైన దువ్వెనతో దిగగొడతారు. మధ్య అట్లాస్ చలిలో బతికే బెనీ వరాయిన్ తెగ వారికి దట్టమైన కుచ్చుతో నేసిన ఆ తివాచీయే పరుపు, అదే దుప్పటి. కొన్ని చోట్ల మగ్గానికి ప్రాణముందని నమ్ముతారు; నేత ముగిసి పడుగు కోసేటప్పుడు నీళ్లు చిలకరిస్తారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కాని నెలల తరబడి తన శ్రమ పోసి పెంచిన వస్తువును ప్రాణి అనుకోవడంలో శ్రమ విలువ తెలిసిన మనసు కనిపిస్తుంది.

1912లో ఫ్రాన్స్ మొరాకోను తన 'రక్షిత రాజ్యం' చేసుకుంది. 1919లో తివాచీలకు ప్రభుత్వ ముద్ర వేసే చట్టం తెచ్చింది. ఆ ముద్ర పుట్టిన చోటుకూ, నాణ్యతకూ, 'దేశీయ' లక్షణానికీ హామీ. దేశీయ కళల శాఖను నడిపిన ప్రాస్పర్ రికార్ 1923 నుంచి 1934 వరకు నాలుగు సంపుటాల్లో తివాచీ నమూనాలను పొందుపరిచాడు. ఆయన శ్రద్ధను నేను తక్కువ చేయను. ఆ సంపుటాలు లేకపోతే ఎన్నో నమూనాలు మనకు తెలిసేవి కావు. కాని ఏది అసలైన తివాచీయో తేల్చే అధికారం నేతగత్తె చేతిలోంచి కార్యాలయానికి మారింది. ఆమె నిన్న వేసిన గీత ప్రమాణమైంది. రేపు వేయబోయే గీత అనుమానాస్పదమైంది.

అవే సంవత్సరాల్లో అవే కొండల్లో ఫ్రెంచి సైన్యం ఏం చేస్తున్నదో మరచిపోకూడదు. 1914 నవంబరులో ఎల్ హెర్రీ దగ్గర జాయాన్ తెగవారు ఫ్రెంచి దళాన్ని చిత్తుగా ఓడించారు. తెగలను లొంగదీసే యుద్ధం అక్కడితో ఆగక 1934 దాకా సాగింది. అంటే రికార్ చివరి సంపుటమూ, చివరి దండయాత్రా ఒకే ఏడు ముగిశాయి. తెగల తివాచీలకు రక్షణ, తెగల మీద తుపాకి! వలస పాలనకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు.

ఇక 'మారని కళ' అన్న మాటకు నేతగత్తెలే జవాబు చెప్పారు. 20వ శతాబ్దం రెండో సగంలో పశుపోషణ తగ్గి ఉన్ని ప్రియమైనప్పుడు, వాళ్లు పాతబట్టల పీలికలతో, మిల్లు నూలుతో నేశారు. అవే 'బూషర్వీత్' తివాచీలు. ఏ ముద్రా, ఏ గ్రంథమూ వాటికి నమూనా ఇవ్వలేదు. పేదరికంలో నుంచి పుట్టిన ఆ రంగుల ధైర్యాన్నే ఇవాళ పాశ్చాత్య విపణి ఆధునిక కళ అంటూ కొంటున్నది.

1956లో మొరాకో స్వతంత్రమైంది. 2011 రాజ్యాంగం అమాజీగ్ భాషను అధికార భాషగా గుర్తించింది. ఇవి చిన్న విజయాలు కావు. అయినా ఊరి సంత చాలాచోట్ల మగవాళ్ల చోటే. తివాచీ అక్కడినుంచి చేతులు మారుతూ నగరానికి చేరుతుంది, ఒక్కో చేతిలో ధర పెరుగుతుంది. మన చేనేత ఊళ్లలో దళారిని ఎరిగినవారికి ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు. తజ్నాఖ్త్ వంటి చోట్ల మహిళా సహకార సంఘాలు ఏర్పడ్డది ఈ లెక్కను తిరగరాయడానికే.

తివాచీ మీద తెగ పేరుంది, ఊరి పేరుంది, ప్రభుత్వ ముద్ర ఉంది. నేసిన మనిషి పేరు మాత్రం లేదు. ఆ ఖాళీని పూరించని చరిత్ర ఎంత అందంగా అచ్చయినా వర్తకుడి జాబితాయే అవుతుంది.