గోష్ఠిగానం ఎలా పుట్టింది

మన కర్ణాటక సంగీతంలో గురువుకు అందరూ కలిసి ఇచ్చే నివాళి, త్యాగరాజ ఆరాధనలో పాడే పంచరత్నాలు. సింగపూర్‌లోనూ ఏటా ఆ గోష్ఠిగానం వినిపిస్తుంది. అది త్యాగయ్యగారి కాలం నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పద్ధతికి నూరేళ్లు కూడా లేవు. పైగా అది పుట్టింది ఒక పెద్ద తగవులోంచి.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఆ తర్వాత శిష్యులు ఎవరి ఊళ్లో వాళ్లు ఆబ్దికం పెట్టి, ఆయన కృతులు పాడుకునేవారు. కావేరి ఒడ్డున ఉన్న సమాధి మాత్రం పాడుబడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శిష్యులైన ఉమయాల్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించారు. ఉత్సవాలు మొదలయ్యాయి. కొన్నేళ్లకే నిర్వాహకులు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలుగా చీలిపోయారు. అక్కడ ఆడవాళ్లకు పాడే అవకాశం లేదు.

అప్పుడు వచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను వెలుగులోకి తెచ్చి నిందలు మోసిన విదుషీమణి ఆమె. సమాధి దుస్థితి తెలిసి, 1920లలో తన సొంత డబ్బుతో స్థలం కొని గుడి కట్టించింది. ఆమె కట్టించిన గుడిలోనే ఆమెను పాడనివ్వలేదు. ఆమె వెనుదిరగలేదు. స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన జరిపింది. అలా మూడో కట్చి తయారైంది.

1940లో ఈ మూడూ ఒక్కటయ్యాయి. మరి ఇంతమంది విద్వాంసుల్లో ఎవరు ముందు పాడాలి, ఎవరికి ఎంతసేపు ఇవ్వాలి? అందరూ కలిసి పంచరత్నాలు పాడటమే దీనికి పరిష్కారమైంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ అయిదు కృతులూ ఇందుకు సరిగ్గా సరిపోయాయి. అయిదూ ఆదితాళమే. ఒక్కో చరణాన్నీ ముందు స్వరంగా, వెంటనే సాహిత్యంగా పాడతారు. నెరవు, కల్పనస్వరాల పని లేదు కాబట్టి ఎవరి మనోధర్మం వాళ్లు చూపించుకునే చోటే లేదు. వందల గొంతులు ఒకే తాళానికి కట్టుబడతాయి. తిరువయ్యారులో ఈ గోష్ఠిగానానికి ముందు వేణు విద్వాంసులంతా కలిసి ‘చేతులార’ వాయిస్తారు.

కచేరీలో తన ముద్ర కోసం జీవితమంతా సాధన చేసిన విద్వాంసుడు, ఆ కాసేపు దాన్ని పక్కనపెట్టి, నిన్నమొన్న సరళీస్వరాలు దాటిన పిల్ల గొంతులో గొంతు కలుపుతాడు. గురువుకు ఇంతకన్నా పెద్ద దక్షిణ నాకు కనిపించదు. వేదిక, వరస, వంతు అక్కర్లేని పద్ధతి కాబట్టే అది సముద్రాలు దాటింది. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ ఏటా ఆరాధన జరుగుతోంది.

నాగరత్నమ్మ 1952లో కన్నుమూసింది. స్వామి సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి ఉంది. పిల్లలకు ఆరభి కృతి నేర్పే ప్రతి ఇంట్లో, ప్రతి సంగీత తరగతిలో ఆమె పేరు కూడా చెప్పాలి. మనతో కలిసి పాడే హక్కు అందరికీ ఉందని ముందుగా నిలబడి పోరాడింది ఆమే.