కొయ్య వాగను

తాండూరు నాపబండ బరువెంతో ఎత్తిన కూలివానికి తెలుసును. మోసిన బండి ఇరుసుకు మరింత బాగా తెలుసును. ఎద్దుబండి నుండి అటువంటి బరువులను అందుకొన్న రైలు వాగను సైతము మొదట కొయ్యతో చేసినదే. మన వడ్రంగికి అది బొత్తిగా పరాయి వస్తువు కాదని చెప్పుటకే నేటి మా ప్రసంగము.

వాడి నుండి సికిందరాబాదుకు రైలుమార్గము 1874లో ప్రారంభమైనది. సాలార్జంగు దివానుగా ఉన్న కాలమది. వ్యయము నిజాం ప్రభుత్వానిది. బొంబాయి-మద్రాసు మార్గముతో హైదరాబాదును కలిపిన ఈ దారి తాండూరు, నేటి వికారాబాదుల మీదుగా పోవుచున్నది. అంతకుముందు ఉప్పు, ధాన్యము లంబాడీల పెరికెద్దుల వీపున సాగేవి.

తొలినాటి వాగనుకు నాలుగే చక్రములు. అడుగున రెండు నిలువు దూలములు, చివరల రెండు అడ్డదూలములు, నడుమ మరికొన్ని. వీటిని కుసి, బెజ్జములతో కూర్చి ఇనుప బోల్టులతో బిగించేవారు. పెట్టెలు ఒకదానినొకటి తాకినప్పుడు దెబ్బ బఫర్లపై పడును గదా! ఆ దెబ్బను చట్రమంతటికీ పంచుటకు ఐమూలగా కమ్మెలు వేసినారు. లాగుడు సంగతి వేరు. ఇంజను గుంజినప్పుడు కొయ్య అతుకులు ఊడిరాకుండ, ఈ కొస నుండి ఆ కొసకు ఇనుప కడ్డీ వేసి లాగుడు భారమంతా దానికి అప్పగించినారు. నెట్టుడును కొయ్య ఓర్చినది, లాగుడును ఇనుము ఓర్చినది.

చక్రము మాట చూడండి. మన పల్లెలో కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి పూటీలపై తొడిగి నీళ్ళు చల్లును. చల్లబడి అది బిగుసుకొనును. రైలు చక్రమునకు టైరు తొడుగుటలోని కీలకమూ ఇదే. 1848లో ఇంగ్లండులో మాన్సెల్ అనునతడు టేకు ముక్కలతోనే చక్రపు నడిమి భాగము కూర్చి పేటెంటు పొందినాడు. చప్పుడు తక్కువ గనుక అవి ప్రయాణికుల పెట్టెలకు చక్కగా కుదిరినవి. ఇక కందెన సంగతి బండి తోలిన వానికి చెప్పవలెనా? వాగను ఇరుసుపెట్టెలో కందెన తరిగితే ఇరుసు కాగి ఎర్రబడును.

టేకులో సహజముగా నూనె ఉన్నది. చెదలు సులభముగా పట్టవు. బోల్టు ఓకుకొయ్యలో తుప్పుపట్టినట్లు ఇందులో పట్టదు. అయినా మన వేసవికి చెక్క ఎండి కుంచించుకొనును, వానకు ఉబ్బును, బోల్టులు వదులగును. టార్పాలిన్ కప్పిన పత్తి బస్తాలపై ఇంజను నిప్పురవ్వ పడితే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు పరీక్ష వాలులో. అనంతగిరి కొండల చెంత వికారాబాదు ఎత్తున ఉన్నది, తాండూరు పల్లమున ఉన్నది. బరువుతో హైదరాబాదు వైపు సాగే గూడ్సు ఎగువకు ఎక్కవలెను. బండి పొడవునా ఒకేసారి పడే బ్రేకులు తొలి గూడ్సు బండ్లకు లేవు. ఎక్కుడులో నడిమి కొక్కెము తెగిందా, వెనుక పెట్టెలన్నీ పల్లమునకు పరుగు! వాటిని ఆపవలసినవాడు చివరి పెట్టెలోని గార్డు. అతని చేతిలో ఉన్నది ఒక్క చేతిబ్రేకు. ఆనాటి బ్రేకు దిమ్మలు కూడ తరచు కొయ్యవే.

రైళ్ళు పొడవైన కొద్దీ కొయ్య చట్రము చాలకపోయినది. ముందు దూలములకు ఇరువైపుల ఇనుప రేకులు బిగించినారు. పిమ్మట చట్రమే ఇనుముగా మారినది. 1893లో లాలాగూడ కార్ఖానా ఏర్పడునాటికి ఈ మార్పు సాగుచునే ఉన్నది. గోడలకు, నేలకు మాత్రము చెక్క చాలకాలము నిలిచినది; పలక విరిగితే వడ్రంగి కోసి, సరిచూసి, అక్కడికక్కడే మరొకటి బిగించగలడు.