చాసిస్ నంబరు తప్పితే.. పన్ను చెల్లింపునకూ చిక్కే
లారీ రికార్డులను సరిదిద్దుకునే విధానమిదీ

ప్రొద్దుటూరు: జమ్మలమడుగు ప్రాంతపు సిమెంటు, ఆర్టీపీపీ బూడిద, పులివెందుల అరటి, చీనీ.. వీటిని మోసే లారీలకు మూడు నెలలకోసారి పన్ను తప్పదు. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలాఖరులోగా కట్టకుంటే అపరాధ రుసుము పడుతుంది.

వాహన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నంబరుతోపాటు చాసిస్ నంబరులోని చివరి 5 అంకెలు సరిపోలాలి. రికార్డులో అవి తప్పుగా ఉంటే చేతిలో సొమ్మున్నా గడువు దాటిపోతుంది. మొదటి 12 స్థానాల్లోని తప్పు మరింత ప్రమాదకరం. పన్ను చెల్లింపు సాఫీగా సాగిపోతుంది, ఫిట్‌నెస్ పరీక్షలోనో, ప్రమాదం జరిగి బీమా కోరినప్పుడో బయటపడుతుంది.

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. 1, 0లతో పొరబడకుండా ఆంగ్ల అక్షరాలు ఐ, ఓ, క్యూలను వాడరు. ఆర్సీలో 'ఓ' కనిపిస్తే అది సున్నా అయి ఉండాలి. 8ని 'బి'గా, 5ను 'ఎస్'గా చదవడమూ మామూలే.

ముందుగా చాసిస్‌పై కాగితం ఉంచి పెన్సిల్ ప్రింట్ తీయాలి. దానిని డీలరు ఇచ్చిన ఫారం 21, తయారీదారు ఇచ్చిన ఫారం 22తో పోల్చాలి. తప్పు ఆర్సీలో ఉంటే ఆ పత్రాలు, పన్ను రసీదులు జతచేసి రిజిస్టరింగ్ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. తనిఖీకి లారీని చూపించాలి. సరిదిద్దవలసింది కాగితాన్నే, చాసిస్‌పై నంబరును ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్కించరాదు. ఈ పనిని దళారీకి అప్పగిస్తే అసలు పత్రాలు చేజారే ముప్పుంది.

సవరణ తరువాత బీమా పాలసీ, పర్మిట్‌లలోనూ అదే నంబరు ఉండేలా చూసుకోవాలి.