పాకీ సందు నుండి సెప్టిక్ ట్యాంకు దాకా

ముందుగా ఒక మనవి. భోజనానికి కూర్చోబోయే మిత్రులు దీనిని తరువాత చదువుకొనవచ్చు. విషయం అటువంటిది.

గత ఆషాఢంలో వానలు పట్టుకొన్న నాలుగవ నాడు మా పెరటిలో, తులసికోటకు పదడుగుల దూరాన, నల్లని నీరు ఉబికి పైకి వచ్చింది. అంతకు నెల ముందునుండే స్నానాల గదిలో నీరు నెమ్మదిగా పోతూ ఉండేది. తూములో ఏదో అడ్డుపడి ఉంటుందని వెదురుబద్దతో పొడిపించి ఊరుకొన్నాను. నల్లనీరు కనబడిన తరువాత ఇక ఊరుకోవడానికి వీలు లేకపోయింది. తాపీ మేస్త్రి వచ్చి, బండలు తొలగించి, లోపలికి టార్చిలైటు వేసి చూచి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మేష్టారూ, ఇది ట్యాంకు కాదండి బాబూ. ఇన్నేళ్ళూ మీరు గోతిమీద కాపురం చేశారు."

విజయనగరంలో ఆ ఇల్లు నేను కట్టించుకొన్నది 1988లో. అప్పటి మేస్త్రి నాలుగు వైపులా ఇటుకగోడ కట్టి, అడుగున కాంక్రీటు వేయలేదు. "అడుగు వదిలేస్తే నీరు ఇంకిపోతుంది, మీ మనవల కాలానికి కూడా నిండదు" అన్నాడు. ఖర్చు తగ్గినందుకు నేను సంతోషించాను. దానికి ఇరవైఐదు అడుగుల దూరంలో మా నుయ్యి ఉంది. ఇంకిన నీరు ఎటు పోతుందన్న ప్రశ్న, సంధి సమాసాలు విడదీయడంలో దిట్టనని పేరు పొందిన నాకు, ఒక్కనాడూ తోచలేదు.

కొత్త ట్యాంకు కట్టించిన రెండు నెలలూ ఈ వస్తువు చరిత్ర వెతుకుతూ గడిపాను. పంతులు కనుక మొదట మాటల దగ్గరకే వెళ్ళాను. మన వాళ్ళు ఈ విషయాన్ని సూటిగా చెప్పడానికి ఎప్పుడూ సిగ్గుపడ్డారు. బహిర్భూమి అంటే ఊరి వెలుపలి నేల. దొడ్డి అంటే పెరడు, పశువుల సాల. దానికి ఒక చాటు కల్పిస్తే మరుగుదొడ్డి. పాయఖానా పారసీకం నుండి వచ్చింది, కాలు మోపే చోటని అర్థం. లెట్రిను లాటిన్‌లో కడుగుకొనే చోటు. వీటిలో ఒక్కటీ అసలు పని పేరు చెప్పదు. అన్నిటికన్నా విడ్డూరమైనది పాకీ అన్న మాట. 'పాక్' అంటే పారసీకంలో పవిత్రం, పరిశుభ్రం. పరిశుభ్రత అనే అర్థం గల మాట తెలుగులోకి వచ్చి, ఆ పరిశుభ్రత కల్పించే మనిషిని దూరంగా నిలబెట్టే తిట్టుగా మారింది. భాషాశాస్త్రంలో దీనిని అర్థాపకర్ష అంటారు. ఇక్కడ దిగజారింది అర్థమొక్కటే కాదు.

మా తాతగారి ఇల్లు పాతపేటలో ఉండేది. ఇళ్ళ వరుసకు వెనుక ఒక మనిషి మాత్రమే నడవగలిగిన సన్నని సందు. దానిని పాకీ సందు అనేవారు. ప్రతి ఇంటి వెనుక గోడకూ నేలమట్టంలో ఒక కన్నం, దానికి రేకు మూత. తెల్లవారకముందే ఒకామె ఆ సందులో వచ్చి, రేకు ఎత్తి, చీపురుతో, రేకుముక్కతో లోపలిది బుట్టలోకి లాగి, బూడిద చల్లి, నెత్తిమీద పెట్టుకొని పోయేది. నేను అప్పటికి ఎనిమిది తొమ్మిదేళ్ళవాణ్ణి, అంటే 1960ల చివరి రోజులు. వానాకాలంలో ఆ బుట్టనుండి ఆమె భుజం మీదికి ధారలు కారడం చూశాను. మా నాయనమ్మ ఆ వేళకు పెరటి తలుపు మూసి ఉంచేది. వాసనకని మాకు చెప్పేవారు.

ఈ ఏర్పాటు ఇంటింటి అలవాటుగానే ఉండిపోలేదు, పాలనలోనూ భాగమైంది. మద్రాసు రాష్ట్రంలో 1884, 1920 సంవత్సరాల జిల్లా పురపాలక చట్టాల కింద పట్టణ పారిశుద్ధ్యం పురపాలక సంఘాల బాధ్యత. విజయనగరానికి పురపాలక సంఘం 1888లోనే ఏర్పడింది. సంఘానికి బండ్లు ఉండేవి, జీతగాళ్ళు ఉండేవారు. మా ఉత్తరాంధ్ర పట్టణాలలో ఆ జీతగాళ్ళు చాలావరకు రెల్లి కులస్థులు. పండ్లు, గడ్డి అమ్ముకొని బతికిన కులానికి పట్టణం ఈ బుట్టను కూడా అప్పగించింది. తల్లి తరువాత కోడలు ఆ సందులోకి వచ్చేది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1867లో లండను హైడ్ పార్కులో దారిన పోయేవారికి మంచినీరు అందించే ఒక పెద్ద ఫౌంటెన్ వెలసింది. దానికి ధనం ఇచ్చినది విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు. 1854లో లండను కలరాకు కలుషిత జలమే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు చూపిన తరువాత, 1859లో అక్కడ మంచినీటి ఫౌంటెన్లు కట్టించే సంఘం ఒకటి ఏర్పడింది, మన రాజావారి దానం ఆ పనిలో భాగం. 1964లో దానిని తొలగించారు. మలమూ మంచినీరూ కలిస్తే మనుషులు చస్తారన్న జ్ఞానానికి మా ఊరి సొమ్ము సముద్రాలు దాటి తోడ్పడింది. ఆ తరువాత నూట ఇరవై ఏళ్ళకు అదే ఊళ్ళో నేను అడుగులేని గొయ్యిని నూతికి ఇరవైఐదు అడుగుల దూరంలో తవ్వించాను. రాజావారిని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది!

ఇకపోతే సెప్టిక్ ట్యాంకు పుట్టుక. ఫ్రాన్సులో ఝాఁ లూయీ మురాస్ అనే ఆయన 1860 ప్రాంతంలో ఒక ఇంటి మురుగు నేరుగా గోతిలోకి పోకుండా మధ్యలో ఒక తొట్టి కట్టాడు. దాదాపు పన్నెండేళ్ళ తరువాత తెరచి చూస్తే అందులో గట్టి పదార్థం దాదాపుగా లేదు, చాలావరకు నీరే. ఆశ్చర్యపడి, మ్వాన్యో అనే విజ్ఞానవేత్తయైన మతగురువు సాయంతో పరిశీలించి, 1881లో హక్కుపత్రం తీసుకొన్నాడు. 1895 ప్రాంతంలో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ దీనిని మెరుగుపరచి 'సెప్టిక్ ట్యాంకు' అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు కుళ్ళించేది అని అర్థం. చూశారా, మనవాళ్ళ మాటలన్నీ దాచిపెట్టిన పనిని ఇది ఒక్కటే నిజాయితీగా చెప్పింది. మన దేశానికీ ఇది ఆలస్యంగా రాలేదు. బొంబాయి మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే ఇటువంటి తొట్లకు వాయువు పట్టే ఏర్పాటు చేసి, ఆ వాయువుతో యంత్రం నడిపారు. అయినా మా పాకీ సందుకు ఆ విద్య చేరడానికి ఇంకా డెబ్బైఏళ్ళు పట్టింది. మా పట్టణానికి విద్య తెలియదనుకోను. బుట్ట మోసే మనిషి చవకగా దొరికినంతకాలం తొట్టి కట్టే అవసరం ఎవరికీ కలగలేదు.

తొట్టి చేసే పని చెప్పడం తేలిక. మురుగు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలవాలి. బరువైనది మడ్డిగా అడుగుకు చేరుతుంది, తేలికైనది తెట్టుగా పైకి తేలుతుంది, మధ్యనున్న నీరు మాత్రమే బయటకు పోతుంది. ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు మడ్డిని కుళ్ళించి తగ్గిస్తాయి. తగ్గిస్తాయే గాని పూర్తిగా లేకుండా చేయవు. అందువల్ల రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించి తీరాలి. మురాస్ తొట్టిలో గట్టిది కనబడలేదన్న కథ మాత్రం ఎలాగో మన మేస్త్రీల చెవిన పడినట్టుంది. "ఎన్నటికీ నిండదు" అన్న భరోసా దాని మనవడే కావాలి!

1970, 80లలో మా వైపు కొత్త పేటలు వచ్చాయి, సెప్టిక్ లెట్రిను ఉన్న ఇల్లు అని పెళ్ళిసంబంధాల్లో చెప్పుకొనేవారు. పాత పేటలో రేకుమూతలు ఒక్కొక్కటే ఇటుకలతో పూడిపోయాయి. 1980-81 నుండి కేంద్రప్రభుత్వం పాకీదొడ్లను నీళ్ళు పోసే దొడ్లుగా మార్చే పథకం నడిపింది. బుట్ట పోయిందని అందరం అనుకొన్నాం. 1993లో పార్లమెంటు పాకీదొడ్ల నిర్మాణాన్ని, మనుషులచేత ఆ పని చేయించడాన్ని నిషేధించింది. ఆ చట్టం చూచినది పాకీదొడ్డిని, బుట్టను. సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషిని అది చూడలేదు.

ఆ మనిషిని నేను చూశాను, మా పెరటిలోనే. 1999లో ఒకసారి ట్యాంకు నిండితే ఇద్దరిని పిలిపించాను. పెద్దవాడు మూత తీసి కాసేపు ఆగమన్నాడు. చిన్నవాడికి ఇరవై ఏళ్ళుంటాయి, నడుముకు తాడు కట్టుకొని బకెట్టుతో దిగాడు. పది బకెట్లు కూడా పైకి రాలేదు, లోపల చప్పుడు ఆగిపోయింది. పెద్దవాడు కేక వేసి తాడు లాగాడు. నేను కూడా పట్టుకొన్నాను. పైకి తెచ్చి నీళ్ళు చల్లితే చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. ఆ గోతుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందనీ, ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపుతుందనీ, వాసన రావడం లేదు కదా అని దిగినవాడు ఒకటి రెండు గుక్కల్లో కూలిపోతాడనీ నాకు తరువాతెప్పుడో తెలిసింది. వాళ్ళకు అదనంగా యాభై రూపాయలిచ్చాను. కాఫీ పెరటి గుమ్మం బయటే, పక్కన పెట్టిన గ్లాసుల్లో ఇచ్చాం. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ హాజరుపట్టీ పిలిచిన నేను ఆ కుర్రవాడి పేరు అడగలేదు.

అతను బతికాడు కనుక అది ఇంతటితో పోయింది. దేశంలో చాలామంది బతకలేదు. ఈ చావులను లెక్కలోకి తెచ్చిన ఘనత సఫాయి కర్మచారి ఆందోళన్‌ది. దానిని నిలబెట్టిన బెజవాడ విల్సన్ కోలారు బంగారుగనుల పట్టణంలో, పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. మన రాష్ట్రంలో ఐ.ఎ.ఎస్. అధికారిగా పేరుపొందిన ఎస్. ఆర్. శంకరన్ ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 2003లో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. సరైన రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరమైంది, మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. 2014 మార్చి 27న కోర్టు, 1993 నుండి ఇలా చనిపోయిన వారందరి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. మన పత్రికలు ఆ వార్తను వేశాయి. ఆ తరువాత కూడా ట్యాంకుల్లో మనుషులు చనిపోయిన వార్తలు వేస్తూనే ఉన్నాయి, లోపలి పేజీల్లో.

కాబట్టి ఈసారి మేస్త్రితో మొదటి మాటే చెప్పాను: ఇందులోకి మనిషి దిగవలసిన అవసరం ఎన్నడూ రాకూడదు. ఆయన నవ్వి "అయితే కాగితం తెచ్చుకోండి మేష్టారూ" అన్నాడు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 సంపాదించి ఇద్దరం ముందు పెట్టుకొన్నాం. ఎంత చిన్న ట్యాంకైనా వెయ్యి లీటర్లకు తగ్గరాదు, వెడల్పు 75 సెంటీమీటర్లకు, నీటి లోతు మీటరుకు తగ్గరాదు. అడుగున కాంక్రీటు, గోడలకు లోపలా బయటా నీరు చొరని సిమెంటు పూత. మధ్యలో అడ్డుగోడ, మొదటి అర రెండు వంతులు, రెండవది ఒక వంతు. నీరు వచ్చే చోటా పోయే చోటా టీ పైపులు, తెట్టు జారిపోకుండా. వాయువు పోవడానికి డాబాకన్న ఎత్తు గొట్టం.

చిక్కు వచ్చినది ఇంకుడుగుంత దగ్గర. తాగునీటి నూతికి 18 మీటర్ల దూరం ఉండాలంటుంది ప్రమాణం. నా స్థలం మొత్తం నిడివే అంత లేదు. పైగా వానాకాలంలో మా వీధిలో నాలుగడుగులు తవ్వితే నీరు. అటువంటి చోట ఇంకుడుగుంత పనిచేయదు, నల్లనీరు పైకి తన్నినది అందుకే. దుకాణదారు ప్లాస్టిక్ ట్యాంకు చూపించాడు. ఊటనీరు పైకి వచ్చే నేలలో, మడ్డి తోడి ఖాళీ చేసినప్పుడు అది పడవలా లేస్తుందని మేస్త్రి ఒప్పుకోలేదు. చివరకు మూడవ అర కట్టి, దానినిండా కంకర పోశాం. నీరు కిందినుండి కంకరలోగుండా పైకి ఎక్కి, వడపోసుకొని బయటకు పోతుంది. తేటగానే ఉంటుంది గాని పూర్తిగా శుద్ధమని చెప్పను, వీధి కాలువలో కలుస్తుంది. నూతినీరు తాగడం, వంటకు వాడడం మానివేశాం. మా ఆవిడకు ఇది ఇంకా మింగుడుపడలేదు. పప్పు ఆ నీటికే బాగా ఉడికేదట.

పాత గోతిని తోడడానికి లారీ ట్యాంకరు వచ్చింది. లావుపాటి గొట్టం దింపి, మోటారు వేసి, ముప్పావు గంటలో లాగివేశారు. ఎవరూ దిగలేదు. "ఇది ఎక్కడ పోస్తారు బాబూ?" అని డ్రైవరును అడిగాను. ఊరి బయట అన్నాడు. ఊరి బయట ఎక్కడ అంటే తల పక్కకు తిప్పుకొన్నాడు. మడ్డిని శుద్ధిచేసే కేంద్రాలు వరంగల్లు వంటి నగరాలలో వెలిశాయి. మా పెరటిది ఏ గెడ్డలో కలిసిందో, ఆ గెడ్డ దిగువన ఎవరి నూతులున్నాయో! బహిర్భూమి అన్న మాటకు మళ్ళీ పాత అర్థమే వచ్చింది.

పాత గోతిని ఇసుకతో పూడ్చి బండలు పరిపించాను. కొత్త ట్యాంకు మూతలు నేలమీదికి కనబడేలా ఉంచాను, గొట్టం పట్టేంత వెడల్పుతో. మూత ఎక్కడ, గొట్టం ఎటు, మళ్ళీ మడ్డి ఎప్పుడు తీయించాలి అన్నవి ఒక కాగితం మీద పటం గీసి, ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టాను. మా అబ్బాయి దానిని సెల్‌ఫోనులో ఫొటో తీసుకొన్నాడు.